మగ్గం గుంటలో ఎవరు కూర్చున్నట్టు?

నా సిద్ధాంత గ్రంథంలో మా అమ్మ అన్న మాట ఒకటి ఉంది. ఒకటంటే ఒక్కటే. దాన్ని మా గైడు సారు మూడుసార్లు కొట్టేశారు. మొదటిసారి పెన్సిలుతో, రెండోసారి ఎర్రపెన్నుతో, మూడోసారి కాగితం చిరిగేలా. పక్కన ఖాళీలో ‘ఆధారం?’ అని రాసి, ఆ ప్రశ్న గుర్తు కింది చుక్కను పొడిచి మరీ పెట్టారు. ఆధారం గద్వాలలో మగ్గం మీద కూర్చుని ఉంది సార్, ఫోన్ కలిపి ఇవ్వమంటారా అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఏడేళ్ళుగా మింగుతూనే ఉన్నాను.

నేను వనపర్తిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. ఆ పని చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, ఏడేళ్ళ నుంచి పీహెచ్‌డీ అనే ఈ ముళ్ళకంపను ఈడుస్తున్నాను. అంశం ‘ఆధునికతావాద నవలల్లో ఉభయలింగ చేతన, స్త్రీవాద విమర్శ’. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పడం మానేశాను. ఒకసారి మా మేనత్త విని, ‘గసొంటియి గుడ సదువుల పెడ్తరానే’ అని చుట్టూ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళది ఇంకో రకం. ‘అంటే ఏందమ్మా, ఇగ మగోళ్ళతోని పనిలేదంటవా’ అని పళ్ళికిలిస్తారు. ఒళ్ళు మండుతుంది.

నిజానికి అందులో అంత తికమకేం లేదు. వందేళ్ళ కింద కొందరు రచయితలు కథ చెప్పే పద్ధతినే మార్చేశారు. బయట ఏం జరిగిందన్నది పక్కన పెట్టి, మనిషి లోపల ఆలోచన ఎలా పారుతుందో రాయడం మొదలుపెట్టారు. అలా లోపలికి దిగి చూస్తే ఒక సంగతి తెలిసింది. లోపల పారే ఆలోచనకు మీసమూ లేదు, గాజులూ లేవు. రెండూ కలిసి పారే మనసే గొప్ప కథ రాయగలదని వాళ్ళలో కొందరు గట్టిగా నమ్మారు. తర్వాత వచ్చిన స్త్రీవాదులు ఊరుకోలేదు. రెండూ కలిశాయంటున్నారు, సంతోషం, కలిశాక ఎవరి పేరు మిగిలిందో చూపించండి అన్నారు. మగవాడు మెత్తగా రాస్తే మహానుభావుడు, ఆడది గట్టిగా రాస్తే మగరాయుడా అని అడిగారు. ఆడవాళ్ళ చాకిరీ మీద కప్పడానికి ఇదొక అందమైన దుప్పటి కాదా అని కూడా అడిగారు. నా గ్రంథమంతా ఈ తగాదా గురించే. నేను రెండో పక్షం. కనీసం అలా అనుకునేదాన్ని.

గైడు సారు ఉండేది నాగర్‌కర్నూల్‌లో. నెలకొకసారి వనపర్తిలో బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, గోపాల్‌పేట మీదుగా అధ్యాయాలను ఒళ్ళో పెట్టుకుని పోతాను. సారు వరండాలో వాలుకుర్చీలో కూర్చుని స్త్రీ స్వేచ్ఛ మీద మాట్లాడతారు. చాలా బాగా మాట్లాడతారు. మధ్యలో ‘ఏమోయ్’ అని ఒక కేక వేస్తే లోపలి నుంచి టీ వస్తుంది. ఆ టీ తెచ్చే ఆవిడ కప్పు పెట్టి లోపలికి వెళ్ళి, ఖాళీ కప్పు కోసం మళ్ళీ వస్తుంది. ఈ ఏడేళ్ళలో ఆవిడ కూర్చుని ఉండగా నేను చూడలేదు.

సారు కొట్టేసిన అమ్మ మాట ఇది: ‘గుంటల దిగి కూసున్నంక నేను ఆడదాన్నా, మగోణ్ణా అని నాకేం యాదికుంటది బిడ్డా. కాళ్ళు తొక్కుతనే ఉంటయ్, చేతులు ఏస్తనే ఉంటయ్.’

గుంట అంటే మగ్గం గుంట. గద్వాలలో మాది నేత ఇల్లు. గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. నడుమ అంతా నూలు, రెండు పక్కలా పట్టు అంచు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె నడుముకు ఒకటి, అంచులకు వేరే నాడెలు. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు దించి ఒకరు మధ్యన కూర్చుని తొక్కుతూ నేస్తారు. ఇంకొకరు కుడిపక్కన కూర్చుని అంచు నాడె విసురుతారు. ప్రతి వరసలోనూ నూలుపోగు పట్టుపోగును పట్టుకోవాలి. ఇద్దరిలో ఏ ఒక్కరు ఏమరుపాటుగా ఉన్నా అంచు విడిపోతుంది. అయినా మా వీధి లెక్కలో గుంటలో కూర్చున్నవాళ్ళు నేతగాళ్ళు, పక్కన కూర్చున్నవాళ్ళు సాయం. గుంట మగవాళ్ళది, పక్క ఆడవాళ్ళది. ఇది ఎవరూ పెట్టని కట్టుబాటు, ఎవరూ దాటని కట్టుబాటు.

దాటనిది అన్నాను కానీ, అది పచ్చి అబద్ధం. అందరూ దాటేవారు. మధ్యాహ్నం మగవాళ్ళు చీరలు కొనే సేటు దగ్గరికో, హోటల్ దగ్గరికో పోగానే ఇంటింటా ఆడవాళ్ళు లేచి గుంటలోకి దిగేవారు. బయట చెప్పుల చప్పుడు వినబడగానే మళ్ళీ పక్కకు జరిగేవారు. తిరిగి వచ్చిన మగవాడు, తాను వెళ్ళేటప్పటికంటే చీర జానెడు పెరిగి ఉండటం చూసి కూడా ఏమీ అడగడు. ఆమె చెప్పదు. చూసినవాళ్ళు చూడనట్టే ఉంటారు. వీధి వీధంతా కలిసి ఆడే ఈ నాటకం చూస్తూ పెరిగాను నేను.

నాలుగేళ్ళ కింద నాయిన చేతులు వణకడం మొదలైంది. హైదరాబాద్ దవాఖానలో మాత్రలిచ్చారు, వణుకు మాత్రం పోలేదు. అప్పటి నుంచి గుంటలో పొద్దస్తమానం అమ్మే. కుడిపక్కన పక్కింటి వదిన కూర్చుంటుంది. చీరలు మాత్రం ఇప్పటికీ నాయిన నేసినవే! సేటు చీరను వేళ్ళతో తడిమి, ‘నీ చెయ్యి ఇంక జరంత గుడ తగ్గలేదు’ అని నాయినను మెచ్చుకుంటాడు. నాయిన వణికే చేతులను లుంగీలో దాచుకుని నవ్వుతాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే పోట్లాడటం ఎంత సులభంగా ఉండేది!

ఇలా నడుస్తుండగా పోయిన ఎండాకాలం చివర్లో చేనేత ఆఫీసు నుంచి నాయిన పేరు మీద ఒక కాగితం వచ్చింది. ఢిల్లీలో చేనేత ప్రదర్శన పెడుతున్నారు. దేశంలోని రకరకాల నేతలను అక్కడే మగ్గం వేసి జనం ముందు నేసి చూపించాలి. గద్వాల నేత చూపించడానికి ఒక నేత కార్మికుడు, ఒక హెల్పరు కావాలి. మంచి చీర నేస్తాడని సేటు నాయిన పేరు చెప్పాడట. ఆ రోజు సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసింది.

‘బిడ్డా, నేను పోత’ అంది.

‘ఎక్కడికి?’

‘ఢిల్లీకి. గుంటల కూసొని నేసి సూపిస్త. పక్కకు వదిన వస్తనన్నది. నీకు ఆఫీసోళ్ళు తెలుసు గద. నా ఫోటో ఉన్న నేత కార్డు ఇప్పియ్యి.’

దవాఖానకు రమ్మంటేనే ‘గీ చీర అయినంక’ అనే మనిషి. కర్నూలు, రాయచూరు దాటి ఎరుగదు. నేను చీర కొనిస్తే ‘గిది మనం నేసిందే గద’ అని పెట్టెలో పెట్టేస్తుంది. ఆవిడ నన్ను ఏదైనా ఇప్పించమని అడగడం అదే మొదలు. సంతోషం పట్టలేక ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇంత చిన్న పని, రెండు రోజుల్లో అయిపోతుంది అనుకున్నాను. ఆఫీసుల గురించి అలా అనుకున్నందుకు నాకే సిగ్గుండాలి.

శనివారం పెబ్బేరు మీదుగా గద్వాల వచ్చి, అమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను. మా వీధి పని చూసే ఉద్యోగి మర్యాదస్తుడు. అమ్మకు కుర్చీ వేశాడు. విన్నాడు. ఫోన్‌లో ఏదో నొక్కి చూశాడు.

‘మీ మగ్గం మీద సార్ పేరే ఉన్నది మేడం. అమ్మ పేరు యాడ లేదు. అమ్మను హెల్పర్ లెక్క పంపొచ్చు, గని సార్ గుడ పోవాలె.’

‘నాయినకు చేతులు వణుకుతాయి. అన్నం ముద్ద కూడా నోటిదాకా పోదు. ఆయన ఎలా నేస్తాడు?’

‘నేసేది ఎందుకు మేడం, జర కూసుంటే చాలు. అమ్మ నేస్తది గద!’

అతను ఎగతాళికి అనలేదు. నిజంగా దారి చూపిస్తున్నాననుకున్నాడు. నేయలేని మనిషి నేతగాడిగా గుంటలో కూర్చోవాలి, నేసే మనిషి అతనికి సాయంగా పోవాలి. ఇద్దరూ రైల్లో ఢిల్లీ దాకా పోయి ఈ అబద్ధాన్ని జనానికి చూపించి రావాలి. ‘మరి నేసేటప్పుడు మా నాయిన ఎక్కడ కూర్చోవాలి, మా అమ్మ ఒళ్ళోనా?’ అని అరిచాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. అతను పాపం బిత్తరపోయి, ‘పరేషాన్ గాకుండ్రి మేడం. ఇంటికొచ్చి సూసి, మార్చేటట్టుంటే మారుస్త’ అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం నాగర్‌కర్నూల్‌లో గైడు సారుకు ఈ గోడంతా చెప్పాను. చెప్పడం నాదే తప్పు. సారు కళ్ళు మూసుకుని విని, ‘చూడమ్మా, ఉభయలింగ చేతన అనేది మనసుకు సంబంధించిన స్థాయి. మగ్గం తొక్కడం శరీరానికి సంబంధించింది. రెంటినీ కలపకూడదు’ అన్నారు.

‘కలిపింది నేను కాదు సార్, అమ్మ. తొక్కేటప్పుడు తనకు ఆ తేడా యాదికుండదని ఆమే అంది.’

‘యాదికుండదు అంటే స్పృహ లేదన్నమాట. స్పృహ లేనిది చేతన ఎలా అవుతుంది?’ అని గెలిచినట్టు నవ్వి, ‘ఆ మాట తీసేసి అర్ధనారీశ్వర తత్త్వం మీద ఒక పేజీ పెట్టు. మన సంస్కృతిలోనూ ఉందని తెలుస్తుంది’ అన్నారు.

ఏడేళ్ళలో ఈ సలహా ఇది ఎన్నోసారో లెక్క లేదు. ఎక్కడ ఉభయం అన్నా సరే, చేతికందే అటక మీదే ఉన్నట్టు ఆ విగ్రహాన్ని దించుతారు. సగం సగం అంటారు. మా వీధిలో అలాంటి సగాలు నలభై ఇళ్ళలో ఉన్నాయి. పని సగం కంటే ఎక్కువ, పేరు సున్నా. ‘సార్, ఆ విగ్రహంలో టీ పెట్టేది ఏ సగం?’ అని అడిగేశాను. లోపలి గడప దగ్గర నిలబడ్డ ఆవిడ ఫక్కున నవ్వింది. సారు నవ్వలేదు. తదుపరి అధ్యాయం పోస్టులో పంపితే చాలన్నారు.

సరైన జవాబు, ఎప్పట్లాగే, గోపాల్‌పేట దాటాక తట్టింది. ఆ నవలాకారులు మెచ్చుకున్నదే ఆ మరుపును కదా! తాను ఆడో మగో గుర్తులేనంతగా పనిలో మునిగిన మనసు కోసమే కదా వాళ్ళు అన్నేసి పేజీలు రాశారు! అది వాళ్ళకు దొరికితే కళ, మా అమ్మకు దొరికితే స్పృహ లేకపోవడమా? బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె నన్ను వింతగా చూసి కొంచెం అవతలికి జరిగింది. నేను పైకే మాట్లాడుతున్నానని అప్పుడు తెలిసింది.

ఉద్యోగి చెప్పినట్టే బుధవారం ఇంటికొచ్చాడు. నేను కాలేజీకి సెలవు పెట్టి ముందే వచ్చి కూర్చున్నాను. అతను వచ్చేసరికి అమ్మ గుంటలో ఉంది, వదిన పక్కన ఉంది, మగ్గం ఆడుతోంది. ఇంకేం కావాలి ఎవరికైనా? అతను ఫోన్ తీసి, ‘నేత కార్మికుడు గుంటల కూసోవాలె, ఫోటో దియ్యాలె’ అన్నాడు.

అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ మాట వినగానే అమ్మ లేచింది. ఎవరూ లేవమనలేదు. తనంతట తానే, చెప్పుల చప్పుడు విన్నట్టు, గుంటలోంచి పైకొచ్చి చీర దులుపుకుని పక్కకు నిలబడింది. పైగా ‘జర ఆగు సారూ, అంగి మారుస్త’ అని నాయినకు ఇస్త్రీ చొక్కా తొడిగింది. ఉద్యోగి ఒక చంక, వదిన ఒక చంక పట్టుకుని నాయినను గుంటలోకి దించారు. నాయిన చేతులు మగ్గం పలక మీద పెట్టగానే పలక కూడా టకటకా వణికింది. ఫోటో చెదిరింది. ఇంకోటి తీశాడు. అదీ చెదిరింది.

‘పెద్దయ్యా, జర కదలకుండ్రి.’

‘నా చెయ్యి నా మాటే ఇంటలేదు. నీ ఫోన్ మాట ఏడ ఇంటది నాయినా’ అని నాయిన నవ్వాడు.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మూడో ఫోటో కూడా చెదిరాక నాయిన పైకి రాలేకపోయాడు. కాళ్ళు పట్టేశాయి. ముగ్గురం కలిసి లాగి పైకి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. ఆయన ఆయాసం తీర్చుకుంటూ నా వైపు చూసి, ‘మీ అమ్మనే కూసోమను బిడ్డా. నేసేది ఆమెనే గద’ అన్నాడు. నాలుగేళ్ళకు ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది. అదీ ఒక ఆఫీసు ఉద్యోగి ముందర. అమ్మ తల వంచుకుని గుంటలోకి దిగింది. ఫోటో ఒక్కసారికే అద్దంలా వచ్చింది.

కానీ ఫోన్ ఒప్పుకోలేదు. ఒక మగ్గానికి ఒకే నేత కార్మికుడట, ఆ పేరు ఇదివరకే ఉందట. ఉద్యోగి తల గోక్కున్నాడు. ‘ఒక తొవ్వ ఉన్నది మేడం. మొదటిసారి సర్వే జేసినప్పటి కాయితాలు ఆఫీసుల ఉన్నయ్. అండ్ల అమ్మ గుడ నేస్తదని రాసి ఉంటే చాలు, పెద్దసారు ఒక్క సంతకంతోని మారుస్తడు. గని జల్ది. ఢిల్లీ పేర్లు ఎల్లుండి పంపాలె.’

నా ప్రాణం లేచొచ్చింది. మా వీధిలో ఏ ఇంట్లో అడిగినా ఆడవాళ్ళు మగ్గం పని చేస్తారు. అది రాయకుండా ఎలా ఉంటారు? ‘రేపే వస్తాం’ అన్నాను. ఆ సాయంత్రం అమ్మ పెట్టె తెరిచి, తాను ఎప్పుడో నేసి ఉంచుకున్న చీర ఒకటి బయటికి తీసి మడత విప్పి చూసుకుంది. నెమలికంఠం రంగు. ‘ఢిల్లీల సలి ఉంటదా?’ అని అడిగింది. ఉండదులే అమ్మా అన్నాను. అయినా స్వెటర్ ఒకటి వనపర్తిలో కొనాలని మనసులో అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం ఆఫీసులో ఉన్నాం. ఉద్యోగి బీరువా వెనక నుంచి ఎర్రగుడ్డలో కట్టిన మూట తెచ్చి టేబుల్ మీద పడేస్తే దుమ్ము లేచింది. ఇంటి నంబరు వెతికి ఒక కాగితం బయటికి తీశాడు. చదవడం మొదలుపెట్టాడు.

‘ఇంటి యజమాని, నేత కార్మికుడు. భార్య...’ అని ఆగాడు. ‘భార్య, గృహిణి. మగ్గం పని చేస్తారా అన్నకాడ, లేదు అని ఉన్నది మేడం.’

‘సరిగ్గా చూడండి’ అన్నాను.

‘సక్కగనే ఉన్నది. రాత గుడ ముత్యాల లెక్క ఉన్నది. గిట్ల రాసెటోళ్ళు ఇప్పుడు యాడున్నరు’ అని కాగితం నా ముందు తిప్పి పెట్టాడు.

చూశాను. ఆ రాత నాది.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, వేసవి సెలవుల్లో, సర్వే వాళ్ళు ఖాళీ ఫారాలు తెచ్చి వీధిలో పడేసి పోయారు. వీధి మొత్తం మీద డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. నలభై ఇళ్ళ ఫారాలూ నేనే నింపాను. ఒక్కొక్కరూ వచ్చి నా ముందు కూర్చుంటే మహారాణిలా అడిగి రాశాను. మగవాళ్ళు ఏం పని చేస్తారో అడిగాను. ఆడవాళ్ళు ఏం చేస్తారో ఎవరినీ అడగలేదు. ఇలా రాయమని నాయిన చెప్పలేదు, సర్వే వాళ్ళు చెప్పలేదు, ఏ మగవాడూ చెప్పలేదు. ‘ఇంటిపని’ అని రాస్తే మోటుగా ఉంటుందని, కాలేజీలో నేర్చుకున్న అందమైన మాట ఏరి మరీ ‘గృహిణి’ అని రాశాను. మూటలో కింది కాగితం తిప్పాను. గృహిణి. దాని కిందది తిప్పాను. గృహిణి. వదిన వాళ్ళ అత్తది, ఎదురింటామెది, బతికున్నవాళ్ళవి, పోయినవాళ్ళవి, అన్నీ అదే ముత్యాల రాత.

ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఇన్ని రోజులుగా గైడు సారు మీద, సేటు మీద, ఆఫీసు మీద, ఫోన్ మీద అరిచిన నోరు అది. ఆడవాళ్ళ చాకిరీని ఎవరు కనబడకుండా చేశారని మూడు వందల పేజీలు రాసినదాన్ని.

‘ఎవరు రాసిండ్రు గది?’ అని అడిగింది అమ్మ. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక్క క్షణం చెప్పకూడదనే అనుకున్నాను. ఆ మాట కూడా ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

‘నేనే రాశానమ్మా’ అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసి, మళ్ళీ ఆ కాగితం వైపు చూసింది. ఉద్యోగి ఇబ్బందిగా కదిలాడు. ‘అర్జీ పెట్టుండ్రి మేడం, పైకి పంపుతం. గని ఆర్నెల్లు వడతది. గిప్పుడైతే, పెద్దమ్మా, హెల్పర్ లెక్క రాయమంటే ఇప్పటికిప్పుడే రాస్త. ఢిల్లీ అయితే సూస్తరు గద.’

‘వద్దు సారూ’ అంది అమ్మ. ‘నేతకైతే పోతుంటి. సాయంకు పోను.’

లేచి చెప్పులేసుకుంది. ఇంటికి రాగానే నెమలికంఠం చీర మడతపెట్టి పెట్టెలో పెట్టేసి, గుంటలోకి దిగింది. వదిన ఏమైందని కళ్ళతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఇద్దరూ నేయడం మొదలుపెట్టారు. నేను గడప మీద కూర్చున్నాను. క్షమించమని ఎలా అడగాలో తెలియక పిచ్చిదానిలా మాట్లాడాను. అప్పుడు నాకు చిన్న వయసమ్మా అన్నాను, ఆ చదువుల్లో ఇవేవీ చెప్పలేదమ్మా అన్నాను, అర్జీ పెడదాం, నలభై ఇళ్ళవీ నేనే మళ్ళీ రాస్తాను అన్నాను.

అమ్మ నాడె ఆపకుండానే అడిగింది. ‘గప్పుడు నువ్వు యాడ కూసొని రాసినవ్ బిడ్డా?’

‘ఇక్కడే. ఈ గడప మీదే.’

‘మీ నాయిన ఇంట్ల లేడు. సేటు తానికి వోయిండు. నేను గీ గుంటల్నే ఉన్న.’

‘యాదికి లేదమ్మా.’

‘నాకున్నది’ అంది. ‘మగ్గం సప్పుడుకు రాత వంకర పోతున్నదని, జర ఆపుమంటివి. నువ్వు రాసెదాంక ఆపిన.’